ఎడమ పక్క వదులు

మా ఊళ్ళో ఆడవాళ్ళు ఒళ్ళు కొలవనివ్వరు. టేపు తీస్తే చాలు, రెండడుగులు వెనక్కి వేసి "ఆది ఇచ్చాను కదే, దాన్ని చూసి కుట్టు" అంటారు. ఆది అంటే ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టు. కొత్త గుడ్డలో దాన్ని చుట్టి పంపిస్తే, ఆ కొలతలకే కొత్తది కత్తిరించుకోవాలి. మనిషి రానక్కర్లేదు. కోడలి చేతో, పక్కింటావిడ చేతో పంపినా పని జరిగిపోతుంది. గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో ఉన్న మా ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. వీళ్ళలో సగం మందిని ఇంతవరకూ నేను టేపుతో తాకలేదు. అయినా వాళ్ళ ఒళ్ళు వాళ్ళ మొగుళ్ళ కంటే నాకే బాగా తెలుసు.

గొప్పకు పోయి అంటున్న మాట కాదిది. మనిషి అబద్ధం చెప్తుంది కానీ ఆది చెప్పదు. హుక్కుల దగ్గర గుడ్డ లాగుతుంటే కొత్త కోడలు నెల తప్పిందని అత్తగారి కంటే ముందే నాకు తెలిసిపోయేది. పక్క కుట్లు లోపలికి వేసుకుని ఉంటే ఆమె తిండి తినడం లేదని అర్థం. కుడి చంక చిరిగి ఉంటే ఆ ఏడు పత్తి తీతకు కూలికి వెళ్ళిందని అర్థం. ఇవన్నీ చూస్తూ నేను నోరు మెదిపేదాన్ని కాదు. నాకు పని నేర్పిన మాచర్ల ఆవిడ మొదటిరోజే చెప్పింది, కుట్టేదానికి చెయ్యి ఆడాలి గానీ నోరు ఆడకూడదని. ఆ ఒక్క విషయంలో ఊళ్ళో నాకు మంచిపేరు ఉంది. మిగతా అన్నిట్లో నాది గయ్యాళి నోరని అందరూ అంటారు, అది నిజమే.

ఆ మంచిపేరు వల్లే ఒక మనిషి చచ్చిపోయిందని ఇప్పుడు నేననుకుంటున్నాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమెది మా ఎదురిల్లు. వరసకు తోడికోడలవుతుంది, నేను అక్కా అని పిలిచేదాన్ని. నాలుగెకరాల మిరప తోట ఒంటిచేత్తో చూసుకునేది. మధ్యాహ్నం పూట ఖాళీ దొరికితే చేటలో మిరపకాయలు పోసుకుని మా అరుగు మీదికి వచ్చేది. ఆమె తొడాలు తీస్తుంటే నేను కాజాలు కుట్టేదాన్ని. ఆ ఘాటుకి నేను తుమ్ముతుంటే, "పల్నాట్లో పుట్టి మిరపకాయకి తుమ్ముతావేందే" అని నవ్వేది. ఎదురిల్లే కదా అని తన ఆది ఎప్పుడూ నా ట్రంకు పెట్టెలోనే ఉంచేది. ఆదికి పెట్టే జాకెట్టు మారిస్తే కొత్తది ఇచ్చి వెళ్ళేది తప్ప పాతది అడిగేది కాదు.

ఒక దసరా ముందు అలాగే ఇంకో జాకెట్టు తెచ్చింది. ఎడమ పక్క కుట్టు చంక కింద నుంచి విప్పి, చేత్తో మళ్ళీ వదులుగా వేసుకుని ఉంది.

"ఇక నుంచి ఇది ఆది పెట్టుకో. ఎడమ పక్క కొంచెం వదులు పెట్టవే, ఒరుసుకుంటంది" అంది.

"ఏందక్కా, ఒక పక్కే లావయ్యావా?" అన్నాను. నాకు వేళాకోళం ఎక్కువ.

"పాలగడ్డ లాంటిదే. గట్టిగా ఉంది. నొప్పేం లేదులే" అంది, చేటలోంచి ఒక పుచ్చిన కాయ ఏరి పారేస్తూ.

పాలగడ్డంటే బాలింతలకు పాలు కట్టుకుపోయి వచ్చే గడ్డ. అప్పటికి అక్క చిన్నకొడుకే ఇద్దరు పిల్లల తండ్రి. యాభై నాలుగేళ్ళ మనిషికి పాలెక్కడివి? ఆ ప్రశ్న నాకు తట్టలేదని అబద్ధం ఆడను. తట్టింది. కానీ పాలగడ్డ అన్న మాట మా ఇద్దరికీ పనికొచ్చింది. ఆమె రొమ్ము అనక్కర్లేకపోయింది, నేను చూపించుకున్నావా అని అడగక్కర్లేకపోయింది. పైగా మా వైపు నొప్పి లేనిదాన్ని రోగమని ఎవరూ అనుకోరు. నొప్పొచ్చినప్పుడు చూద్దాంలే అంటారు. నేను అర అంగుళం వదులు పెట్టి కుట్టాను. వేసుకుని వచ్చి చూపించి, "నీ చేతిలో ఏదో ఉందే" అని మెచ్చుకుంది. నేను మురిసిపోయాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఉగాదికి మళ్ళీ మార్చింది. ఈసారి ముప్పావు అంగుళం విప్పుకుంది. లోపలివైపు పాత పంచె గుడ్డ ముక్క మెత్తగా ఉండాలని అతికించుకుంది. ఆమె ఏమీ చెప్పలేదు. నాకు వేళాకోళం రాలేదు. ఆ గుడ్డ ముక్కను వేళ్ళతో తడిమాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "చేతులు ఎంత పొడుగు పెట్టమంటావక్కా?" అని అడిగాను.

"ఎప్పట్లానే పెట్టు" అంది.

వినాయక చవితికి వచ్చిన ఆది మీద పసుపు మరక, దాని కింద ఎండిన ఇంకో మరక ఉన్నాయి. వేపాకు వాసన వచ్చింది. సున్నం, పసుపు కలిపి పట్టు వేస్తోందని, వినుకొండ వైపు ఎవరో వేరు మందు ఇస్తున్నారని ఆమె కోడలు తర్వాత చెప్పింది. అక్క ఈసారి రెండంగుళాలు వదలమంది. నేను వదిలి కుట్టాను. ఆ జాకెట్టు తీసుకుపోవడానికి ఆమె రాలేదు. అప్పటికే కొడుకు చూసి పేట పెద్దాసుపత్రికి, అక్కడి నుంచి గుంటూరుకు తీసుకుపోయాడు. సూదితో పరీక్ష చేశారు, ఆపరేషన్ చేశారు, మందు ఎక్కించారు. అప్పటికే ఊపిరితిత్తుల దాకా వెళ్ళిందట. రెండు నెలలకు ఇంటికి తెచ్చేశారు.

చివరి వారంలో చూడడానికి వెళ్ళినప్పుడు కోడలు గంజి కాచడానికి వంటింట్లోకి పోయింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు.

"నీకు తెలుసు గదే" అంది. "నువ్వన్నా గట్టిగా తిట్టాల్సింది."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. ఆ మాట నా మొగుడికి కూడా చెప్పుకోలేదు.

అక్క పోయి ఏడాది తిరగకముందే, కొత్తగా వచ్చిన మా సబ్‌సెంటర్ నర్సమ్మ ఊళ్ళో ఆడవాళ్ళకి పరీక్షలు పెట్టించింది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ చూపించుకోవాలని ఇల్లిల్లూ తిరిగింది. ఆ పిల్లది ఒంగోలు వైపు, మా ఊరి సంగతి తెలియదు. మొదటిసారి పరీక్షల బండి వచ్చి మాజీ సర్పంచ్ గారి దొడ్లో నీడ ఉందని అక్కడ ఆగింది. ఇంకేముంది, ఊళ్ళో అవతలి పార్టీ ఇళ్ళ నుంచి ఒక్క పురుగు కదల్లేదు. వాళ్ళ దొడ్లో మన ఆడవాళ్ళు జాకెట్లు విప్పడమేంటని మగవాళ్ళు మీసాలు తిప్పారు. పైగా ఊళ్ళో పంచిన కాగితంలో రొమ్ము అని రాయడానికి ఎవరికో మొహమాటం వేసి ఛాతీ పరీక్ష అని రాయించారు. దాంతో ఇవతలి పార్టీ ఆడవాళ్ళు అది దగ్గులకేమో అనుకుని రాలేదు, దగ్గుతో బాధపడుతున్న ముసలాళ్ళు నలుగురు చుట్టలు ఆర్పేసి వచ్చి వరసలో కూర్చున్నారు. ఆ రోజు బండి ఎక్కింది వాళ్ళే.

నర్సమ్మ మా అరుగు మీద కూలబడి ఏడ్చినంత పని చేసింది. నేనే కదిలించాను.

"నా దగ్గరికి రెండు పార్టీల ఆడాళ్ళూ వస్తారు. జాకెట్టుకి పార్టీ లేదు. నువ్వు గురువారం గురువారం నా లోపలి గదిలో కూర్చో. వచ్చినోళ్ళతో నేను మాట్లాడతా" అన్నాను.

ఎందుకంత పూనుకున్నానో ఆ పిల్లకు తెలియదు. మంచిదాన్నని అనుకుంది.

మాట్లాడటమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే, పోట్లాట. అవి పెళ్ళిళ్ళ రోజులు. నా పెట్టె నిండా కుట్టిన జాకెట్లు ఉన్నాయి. లోపలి గదిలోకి వెళ్ళి నర్సమ్మకు చూపించుకుని, పేట పెద్దాసుపత్రికి చీటీ రాయించుకున్నవాళ్ళకే జాకెట్టు ఇస్తానని కూర్చున్నాను. ఊరంతా నా మీద విరుచుకుపడింది. ఒకావిడ, "ఏమీ లేందాన్ని పోయి తెచ్చుకోమంటావా?" అంది. ఇంకొకావిడ, "ముగ్గురు పిల్లలకి పాలిచ్చా, నాకెందుకొస్తది?" అంది. క్యాంపంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే క్యాంపే గుర్తున్న ముసలమ్మ, తనకి ఆ పని ఎప్పుడో అయిపోయిందని నాకు బొడ్డు కింద మచ్చ చూపించబోయింది. ఒకావిడైతే కత్తిరించిన ముక్కలు ముక్కలుగానే లాక్కుని మాచర్ల పోయి కుట్టించుకుంది.

రెండో గురువారం నర్సమ్మే నన్ను చీవాట్లు పెట్టింది. "అట్టా బలవంతం చేస్తే ఒకసారి వస్తారక్కా, రెండోసారి నీ గుమ్మం తొక్కరు. వాళ్ళ గుడ్డలు వాళ్ళకిచ్చెయ్" అంది. ఇచ్చేశాను. తర్వాత ఆ పిల్ల చెయ్యడం చూసి నేర్చుకున్నాను. ఎవర్నీ రమ్మనేది కాదు. జాకెట్టు కోసం వచ్చినావిడను కూర్చోబెట్టి, స్నానం చేసేటప్పుడు మూడు వేళ్ళతో ఎట్లా తడిమి చూసుకోవాలో తన చీర మీదే చేసి చూపించేది. నొప్పి లేని గడ్డనే వదలకూడదని చెప్పేది. మొదటి నెలలో ముగ్గురు చీటీ రాయించుకున్నారు. ఆ ముగ్గురూ వెళ్ళి, ఏమీ లేదనిపించుకుని, బస్సు దిగి నవ్వుకుంటూ వస్తే ఇంకో నలుగురు అడిగారు.

"నువ్వు చూపించుకున్నావా అక్కా?" అని ఆ పిల్ల నన్ను రెండుసార్లు అడిగింది.

"నాకేముంది" అన్నాను రెండుసార్లూ.

ఇంట్లో తల్లికో, తోడబుట్టినదానికో ఈ రోగం వచ్చినవాళ్ళు అందరికంటే ముందు చూపించుకోవాలని నర్సమ్మ చెప్పినప్పుడు నేను చేతిలో సూది పక్కన పెట్టేశాను. అక్కకు ఒక చెల్లెలు ఉంది. ఆమెనూ మా ఊరే ఇచ్చారు, రెండో బజారులో ఉంటుంది. అక్క పోయాక పెద్దగా బయటికి రాదు. నర్సమ్మ మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ తలుపు దగ్గరే మాట్లాడి పంపేసింది. నన్ను చూస్తే మాత్రం ఆగేది. అక్కను గుర్తు చేసుకోవడానికి ఆమెకు ఊళ్ళో నేనే మిగిలాను.

మాఘమాసంలో ఆమె మనవరాలికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. కోడలి చేత పట్టు జాకెట్టు గుడ్డ, అందులో చుట్టి ఆది పంపింది. ఆకుపచ్చ జాకెట్టు అది. తిరగేసి చూశాను. ఎడమ పక్క చంక కింద నా కుట్టు విప్పేసి, నల్లదారంతో చేత్తో వదులుగా వేసి ఉంది. టేపు పెట్టి చూస్తే అర అంగుళం.

మిషను ఆపేశాను. కోడలు ఇంకా గుమ్మంలోనే ఉంది. "ఏంది పిన్నీ, గుడ్డ చాలదా?" అని అడిగింది. చాలుతుందని చెప్పి పంపించేశాను.

ఆ రోజే చెల్లెలిని వెతుక్కుంటూ కల్లం దగ్గరికి వెళ్ళాను. నాపరాళ్ళ గట్టు పక్కన ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మధ్య ఒక్కతే తెల్లబోయిన తాలుకాయలు ఏరుతోంది.

"ఏందక్కా, కల్లం దాకా వచ్చావ్? ఆది కుదరదా?"

"ఎడమ పక్క ఎందుకు విప్పావ్?"

"లావయ్యా."

"ఒక పక్కేనా?"

అక్కతో నవ్వుతూ అన్న మాటే అది. ఈసారి నవ్వలేదు. చెల్లెలు చేతిలో కాయలు కింద పడేసి, కొంగు భుజం మీదుగా లాక్కుంది.

"నీ పని నువ్వు చూసుకో" అంది ముందు. నేను కదలకపోయేసరికి ఆమెకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "మా అక్క ఎట్టా పోయిందో చూశావుగా. ఇంట్లో ఉన్నన్నాళ్ళు తోటకి పోయొచ్చింది, వండుకుని తిన్నది. గుంటూరు తీసకపొయ్యి సూది గుచ్చారు, కత్తి పెట్టారు. గాలి తగిలి పాకింది. మూణ్ణెల్లు తిరగలా. నేను కూడా అట్టా పొమ్మంటావా? తెలుసుకుంటేనే అది చంపుద్ది. తెలియకపోతే ఇట్టానే ఉంటా చానా ఏళ్ళు."

నేను అరిచాను, తిట్టాను, దణ్ణం పెట్టాను. ఏదీ పనిచేయలేదు. మర్నాడు నర్సమ్మను తీసుకుని వెళ్ళాను. ఆ పిల్ల తనకు తెలిసినదంతా చెప్పింది. సూది గుచ్చితే పాకదని, ఆలస్యమైతేనే పాకుతుందని ఓపిగ్గా చెప్పింది. చెల్లెలు అంతా విని, "అయితే మా అక్క మూణ్ణెల్లకే ఎందుకు పోయింది?" అని ఒక్కటే అడిగింది. అక్క పోయేనాటికి నర్సమ్మ ఇంకా మా ఊరికి రాలేదు. ఆమె దగ్గర జవాబు లేదు.

జవాబు నా దగ్గర ఉంది. అది మూడు నెలలు కాదని, అంతకు ఏడాది ముందే గడ్డ ఉందని ఈ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. అక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నాకే, అది కూడా వదులు పెట్టమని. ఆ సంగతి చెప్తే చెల్లెలు నమ్ముతుంది. చెప్తే నన్ను ఆమె ఏమనుకుంటుందో కూడా నాకు తెలుసు. అక్క కొడుకు నన్ను పిన్నీ అని పిలుస్తాడు. పండక్కి మొదటి బూరె మా ఇంటికే పంపుతాడు. రెండు రోజులు మిషను మీద కూర్చున్నాను గానీ ఒక్క జాకెట్టు కూడా పూర్తి కాలేదు. భయమేసింది. చెల్లెలు పోతుందనే భయం కంటే, నా సంగతి బయటపడుతుందనే భయమే ఆ రెండు రోజులూ ఎక్కువగా ఉంది. అది ఒప్పుకోకపోతే ఇదంతా రాయడం దండగ.

మూడో రోజు పొద్దున ట్రంకు పెట్టె తెరిచి, అక్క ఆది జాకెట్లు మూడూ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. చెల్లెలు వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉంది. కోడలు పిల్లను బడికి పంపడానికి రోడ్డు దాకా వెళ్ళింది. నేను మూడు జాకెట్లూ మంచం మీద వరసగా పరిచి, ఎడమ పక్కలు పైకి తిప్పాను.

"ఇవి మా అక్కయ్యి" అంది.

"ఇది దసరాకి ఇచ్చింది. ఇది ఉగాదికి. ఇది చవితికి. చవితి తర్వాతే మీవాళ్ళు గుంటూరు తీసకపోయింది."

ఆమె మొదటిదాంట్లో చెయ్యి పెట్టి చూసింది. రెండోదాంట్లో పంచె గుడ్డ ముక్కను బొటనవేలితో రుద్దింది. మూడోదాని మీద మరక చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ మొదటిదే తీసుకుని, విప్పిన కుట్టు మీద వేలు ఆనించి కొలుచుకుంది. ఎంత ఉందో ఆమెకు తెలిసిపోయింది. తనూ అంతే విప్పుకుంది కదా.

"దసరాకే నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"తెలిసి కుట్టిచ్చావా?"

"కుట్టిచ్చాను."

"అడగలా?"

"ఒక పక్కే లావయ్యావా అని ఎగతాళి చేశా. పాలగడ్డంది. ఊరుకున్నా."

నేను చెప్పాలనుకున్నది ఇంకా మిగిలే ఉంది.

"గుంటూరోళ్ళు తెచ్చిపెట్టింది కాదు అది. ఏడాది ముందు నుంచీ లోపలే ఉంది. నేను మూసి పెట్టా. మీ అక్క పోయే ముందు నాతో అన్నది, నువ్వన్నా గట్టిగా తిట్టాల్సిందని. నీది ఇంకా దసరా నాటి గడ్డే. చవితి దాకా ఉండబాకు."

చెల్లెలు నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. మూడు జాకెట్లూ ఒడిలోకి తీసుకుని, తల ఎత్తకుండా, "లేచి పో" అంది.

లేచాను. గేటు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచింది.

"నువ్వు చూపిచ్చుకున్నావా?"

"లేదు."

"సిగ్గు లేదా నీకు?" అంది.

గురువారం పొద్దున తొమ్మిది గంటల బస్సుకి ఆమె కోడలిని తీసుకుని వచ్చింది. నేను నాకూ ఒక చీటీ రాయించుకుని అప్పటికే బస్‌స్టాండులో ఉన్నాను. నా వైపు చూడలేదు. ఆమె ముందు సీట్లో, నేను వెనక పొడుగు సీట్లో కూర్చున్నాం. పిడుగురాళ్ళ దాటి పేట చేరేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది.

ఆసుపత్రిలో ముందు నన్నే పిలిచారు. ఆకుపచ్చ తెర వెనక ఒక చిన్న వయసు డాక్టరమ్మ, "పైన బట్టలు తియ్యండమ్మా" అంది. నా జాకెట్టు నేనే కుట్టుకున్నాను, హుక్కులు నేనే వేసుకున్నాను. అవి ఊడిరాలేదు. మూడో హుక్కు దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్ళూ నేను తిట్టిన ఆడవాళ్ళందరూ, చీటీ రాయించుకుని కూడా బస్సు ఎక్కనివాళ్ళందరూ, ఎందుకు ఎక్కలేదో అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ తొందర పెట్టలేదు. చేత్తో చూసింది. తర్వాత రెండు పలకల మధ్య నొక్కి ఫోటో తీసే మిషను దగ్గరికి పంపింది. కాసేపు నొక్కుకుపోయి నొప్పి పుట్టింది, అంతే. నాకేమీ లేదన్నారు.

చెల్లెలు లోపలికి వెళ్ళి చాలాసేపటి దాకా బయటికి రాలేదు. వచ్చాక కోడలి చేతిలో కాగితాలు ఉన్నాయి. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. గుంటూరుకు రాశారు.

అదే జబ్బు అని తేలింది. చిన్నగా ఉన్నప్పుడే దొరికిందని, చంక దాకా వెళ్ళలేదని కోడలు వచ్చి చెప్పింది. ఒక పక్క తీసేశారు. మందు ఎక్కించినన్నాళ్ళు జుట్టంతా ఊడిపోయింది. నెలనెలా ఆటోలో వెళ్ళి వస్తుంటే మా గుమ్మం చాటు నుంచి చూసేదాన్ని. ఎదురుపడే ధైర్యం నాకు లేదు. మళ్ళీ జుట్టు మొలిచింది, నెరిసి వచ్చింది.

మూడు జాకెట్ల సంగతి ఊరంతా తెలిసింది. అక్క కొడుకు ఒకరోజు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "నిజమేనా పిన్నీ?" అని అడిగాడు. నిజమే అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. పండక్కి బూరెలు రావడం మానేశాయి. కొంతమంది నా దగ్గర కుట్టించుకోవడం మానేశారు. వాళ్ళను నేనేమీ అనను. కొంతమంది మాత్రం వెతుక్కుని వస్తున్నారు. ఆది చేతికిచ్చి, గొంతు తగ్గించి, "ఏమన్నా తేడా ఉంటే దాచబాకే" అంటున్నారు. ఆదిని చూసి చెప్పేది ఏమీ లేదని, జాకెట్టుకు తెలిసేసరికే ఆలస్యమవుతుందని, ఏమీ లేనప్పుడే వెళ్ళి చూపించుకోవాలని వాళ్ళను తిడుతున్నాను. తిట్టి, నేనే బస్సు ఎక్కిస్తున్నాను. నర్సమ్మ ఇప్పుడు నన్ను ఆపడం లేదు.

చెల్లెలు నాతో మాట్లాడదు. ఆ రోజు గేటు దగ్గర అన్నదే ఆఖరి మాట. జాకెట్లు మాచర్లలో కుట్టించుకుంటోంది. అక్కడివాడికి ఆమె ఒళ్ళు తెలియదు, రెండు పక్కలూ ఒకే కొలత పెడతాడు. ఎడమ పక్క గుడ్డ ఖాళీగా ముడతలు పడి వేలాడుతుంటుంది. చూసినప్పుడల్లా నా చెయ్యి లాగుతుంది. పిలవాలనుకుంటాను, పిలవను.

పొద్దున ఏడింటికల్లా సద్ది గిన్నె పట్టుకుని మా ఇంటి ముందు నుంచే తోటకు వెళ్తుంది. ఇంకో దారి ఉన్నా ఈ దారినే వెళ్తుంది. నేను మిషను ఆపి ఆమె మలుపు తిరిగేదాకా చూస్తాను. ఆమె తల తిప్పదు. తిప్పకపోయినా ఫరవాలేదు. ఆమెకు ఎనభై ఏళ్ళు వచ్చేదాకా రోజూ ఇలాగే, నా మొహం చూడకుండా, నడిచి వెళ్తే చాలు.